గోమార్లను చేత్తో నలపకండి

మైలవరం, రెడ్డిగూడెం వైపు శాంపిళ్ళకి వెళ్తే రైతులు తరచూ అనే మాట: "గోమార్లే కదండీ, గొడ్డన్నాక ఉండవా?" ల్యాబులో మైక్రోస్కోపు ముందు కూర్చునే నాకు ఆ మాట వింటే భయమేస్తుంది.

జ్వరంతో మేత మానేసిన జెర్సీ ఆవు చెవి అంచున సూదితో గుచ్చి, ఒక్క రక్తపు చుక్కని గాజు పలక మీద పల్చగా లాగి, ఆరబెట్టి, జీమ్సా రంగు వేస్తాం. ఎర్ర కణాల్లో చిన్న ఉంగరాల్లాంటివి కనిపిస్తే థైలీరియా రోగం అని అనుమానం. బేబీసియా అయితే మూత్రం కాఫీ రంగులో పోస్తుంది. రెండూ గోమార్ల వల్ల వచ్చేవే. నాటు పశువులు కొంత తట్టుకుంటాయి, సంకరజాతి ఆవులు త్వరగా పడిపోతాయి. మొదట్లోనే పట్టుకుంటే మందుంది. ఆలస్యమైతే పాలతో పాటు ఆవూ పోతుంది.

గోమార్లు పోవాలంటే ఆవుకి మాత్రమే మందు కొడితే సరిపోదు. రక్తం తాగి రాలిపోయిన ఆడ గోమారి కొట్టం గోడ పగుళ్ళలో వేల గుడ్లు పెడుతుంది. ఆ పగుళ్ళు పూడ్చాలి, కొట్టంలోనూ మందు కొట్టాలి.

గోమార్లను పీకి వేళ్ళతో నలిపేవాళ్ళని చూస్తే గుండె ఆగినంత పనవుతుంది. 2011లో గుజరాత్‌లో మనుషుల ప్రాణాలు తీసిన కాంగో జ్వరం గోమార్ల నుంచి వచ్చేదే. పట్టకారుతో తీయండి, చేతికి గ్లవుజు వేసుకోండి.

పశువుకి జ్వరం తగిలి మేత ముట్టకపోతే సొంత వైద్యం చేయకండి. వెంటనే పశువైద్య సేవల నంబరు 1962కి ఫోన్ చేయండి.