పేము, రబ్బరు, పిడికిలి

క్రికెట్ బ్యాటు కొనేవారు మొదట పలకనే పరీక్షిస్తారు. విల్లో కర్రలో గీతలెన్ని, అవి నిటారుగా ఉన్నవా లేవా అని తిప్పి తిప్పి చూస్తారు. పిడిని గురించి అడిగేవారు అరుదు. రబ్బరు తొడుగు మాటున దాగి ఉండటం వలన దానికి ఆ గౌరవం దక్కలేదు కాబోలు! తెలుగు పాఠాలు చెప్పుకొనే మాకు ఈ చర్చ ఎందుకని పాఠకులు నవ్వవచ్చును. కాని ఆటగాని మణికట్టుకూ పలకకూ నడుమ రాయబారం నడిపేది ఆ పిడియే గదా!

పిడి ఒకే కర్ర కాదు. పేపబెత్తాలను చీల్చి, చదును చేసి, పక్కపక్కన జిగురుతో అతికిస్తారు. నడుమ రబ్బరు పట్టీలో, కార్కు పట్టీలో పెడతారు. అడుగు భాగాన్ని ఇంగ్లీషు 'వి' అక్షరం వలె చెక్కి పలకలో దిగవేసి, పైన దారం బిగించి చుడతారు. బంతి పలక అంచుకో మొనకో తగిలినప్పుడు పుట్టే అదురు చేతులను జివ్వుమనిపిస్తుంది. పేము తేలిక, వంగి మళ్లీ నిలుస్తుంది. మిగిలిన అదురును రబ్బరు మ్రింగుతుంది. పంతొమ్మిదవ శతాబ్దంలో ఈ నడిమి పట్టీలకు తిమింగలం దవడ నుండి తీసిన పట్టీలను కూడ వాడి చూచారు. పిడిని పలకలో ఇలా దిగవేసే నేటి పద్ధతిని 1880 దశకంలో రూపొందించినది చార్లెస్ రిచర్డ్‌సన్ అంటారు. ఆయన వడ్రంగి కాడు. ఇంగ్లండులో సెవెర్న్ నది క్రింద రైలు సొరంగం పని నడిపిన ఇంజనీరు!

మా మేనమామ పాతబస్తీలో పేము కుర్చీలు అల్లేవారు. మా బాల్యంలో విరిగిన బ్యాటు ఒకటి తెచ్చి ఇస్తే, దారం విప్పి, పొరలు వేరు చేసి చాలాసేపు చూచి, "ఇది మన పేమే, బేటా! కూర్చోవడానికి కాక, నిలబడి కొట్టడానికి చేశారు" అన్నారు. తరువాత ప్లాస్టిక్ కుర్చీలు వచ్చి ఆయన దుకాణాన్ని మూయించినవి. కనుక కొత్త వస్తువు అనగానే మాకు కొంత అనుమానం సహజం. అయితే పిడిలో కొత్తది పాతదానిని వెళ్లగొట్టలేదు. దాని నడుమ చోటు అడిగి కూర్చున్నది.

ఆ చోటు ఎంత అన్నదే వివాదం. 1979లో డెన్నిస్ లిల్లీ పెర్త్‌లో అల్యూమినియం బ్యాటుతో దిగిన రభస తరువాత పలక కర్రతోనే ఉండాలని నిబంధన వచ్చింది. ఈ శతాబ్దపు తొలి దశకంలో కార్బన్ నార, టైటానియం పిడిలోకి వచ్చినవి. 2008లో మెరిల్‌బోన్ క్రికెట్ క్లబ్బు పిడికీ హద్దు గీసింది: ప్రధానంగా పేము లేక కర్ర ఉండాలి, పేము, కర్ర, దారం కానివి పదింట ఒక వంతు మించరాదు. శాస్త్రాన్ని అడ్డగించారని వాదించేవారు ఉండవచ్చును. మేము అలా అనుకోము. టైటానియం వస్తే దాని ధర కూడ వస్తుంది. మా కళాశాల జట్టులో సగం బ్యాట్లు అరువువి. తొలి మూడు టెస్టులలోనూ శతకాలు కొట్టిన మన అజహరుద్దీన్ మణికట్టు విద్యకు టైటానియం అక్కరలేకపోయింది.

ఈ సంవత్సరం కళాశాలల పోటీకి వారం ముందు మా ద్వితీయ సంవత్సర విద్యార్థి బ్యాటు పిడి చీలింది. కొత్తది కొనే శక్తి లేదని, జట్టు నుండి తప్పుకొంటానని అన్నాడు. పలక చెడలేదు కనుక పిడి మార్పించవచ్చునని చెప్పి బజారుకు వెంటబెట్టుకొని వెళ్లాము. దుకాణదారు మీరట్ నుండి వచ్చిన పిడి చూపి, "సింగపూర్ కేన్, సార్" అన్నాడు. ఆగ్నేయాసియా అడవుల పేమును అంగళ్లలో అలాగే పిలుస్తారు. నడుమ మూడు రబ్బరు పట్టీలు. జిగురు ఆరడానికి రెండు రోజులు ఆగమన్నాడు. కుర్రవాడు ఒక్కరోజే ఆగగలిగాడు. మరునాటి సాయంత్రం ఆ దుకాణం మెట్ల మీదనే కూర్చొని ఉన్నాడట.