ఈ-మెయిలోపాఖ్యానము

పూర్వం ఉత్తరం రాకపోతే పోస్ట్‌మాన్‌ని తిట్టుకునేవారట. ఆ సౌకర్యం మా తరానికి లేదు. మా ఉత్తరం క్షణంలో వస్తుంది, వచ్చి మన జేబులోనే కూర్చుంటుంది, అయినా మనకి కనబడదు! 1971లో రే టామ్లిన్‌సన్ అనే అమెరికా ఇంజనీరు ఒక కంప్యూటరు నుంచి పక్కనున్న ఇంకో కంప్యూటరుకి నెట్‌వర్క్ మీదుగా తొలి ఉత్తరం పంపాడు. మనిషి పేరుకీ యంత్రం పేరుకీ నడుమ 'ఎట్' గుర్తు పెట్టినవాడూ ఆయనే. గుర్తుకి ముందున్న పేరు ఒకరిదీ, తాళంచెవి ఇంకొకరిదీ కావచ్చునని ఆ మహానుభావుడు ఊహించి ఉండడు.

మా హాస్టల్లో ఎవరి ఫోనులో మెయిల్ మొండికేసినా నా గదికే వస్తారు. చదివేది తెలుగు ఎం.ఏ., చేసేది ఫోన్ల వైద్యం. ఫీజు ఒక టీ.

కిందటేడు ఒక బుధవారం రాత్రి మొదటి సంవత్సరం కుర్రాడొకడు వచ్చాడు. "అన్నా, నా మెయిల్ నన్నే రానివ్వటంలేదు" అన్నాడు. స్కాలర్‌షిప్పు ఇంటర్వ్యూకి పిలుపు తోటివాడికి వచ్చిందట. వస్తామని శుక్రవారం సాయంత్రం 5 గంటల్లోగా జవాబివ్వాలట. ఇతనికీ వచ్చే ఉంటుంది, కానీ చూడటం ఎలా? పాత ఫోను పగిలింది, కొత్త ఫోను పాస్‌వర్డు అడుగుతోంది. ఆ మెయిల్ తెరిచింది ఇతను కాదు. ఇంటర్ అయ్యాక అప్లికేషన్ పెట్టేటప్పుడు మండలంలో నెట్‌సెంటరాయన తెరిచి, ఇంట్లో ఫోనుకి రీఛార్జి లేదంటే తన నంబరే ఇచ్చేశాడు. పాపం, ఉపకారబుద్ధితోనే! (తర్వాత విచారిస్తే మా వరండాలోనే ఇటువంటివాళ్ళు ఇంకో ముగ్గురు తేలారు.)

నెట్‌సెంటరు మూసి ఆయన హైదరాబాదు వెళ్ళిపోయాడు. పక్కకొట్టు టైలరుగారి ద్వారా నంబరు దొరికేసరికి గురువారం మధ్యాహ్నమైంది. తీరా ఫోను చేస్తే ఆయన సంకేతం చెప్పనన్నాడు.

"ఓటీపీ ఎవరికీ చెప్పొద్దని బ్యాంకువాళ్ళు మొత్తుకుంటున్నారు గదయ్యా, నువ్వెవరో నాకేం తెలుసు?"

న్యాయమైన మాటే! మోసగాళ్ళు అడిగేదీ సరిగ్గా అదే. కుర్రాడికి ఏడుపొక్కటే తక్కువ. చివరికి, "సార్, చెవులు కనపడటం లేదని నా ఫొటో మూడుసార్లు తీశారు గదండీ!" అన్నాడు. అవతల నవ్వు వినిపించింది. ఆయన కళ్ళజోడు వెతుక్కునేలోగా మొదటి సంకేతం పాతబడింది. రెండోదానికి తలుపు తెరుచుకుంది. ఉత్తరం అక్కడే ఉంది, వచ్చి తొమ్మిది రోజులు. అప్పటికప్పుడు జవాబు కొట్టించాను. ఇంటర్వ్యూకి వెళ్ళొచ్చాడు కూడా.

ఇక మరమ్మతు. ముందు పాస్‌వర్డు మార్చాం, తర్వాత రికవరీ నంబరు. నంబరు మార్చినా ఓ వారంపాటు పాత నంబరుకీ సంకేతం పంపే వీలుంటుంది కనుక కంగారుపడవద్దన్నాను. బ్యాటరీ ఆదా చేసే మీట వేసి ఉంటే మెయిల్ యాప్ నిద్రపోతుంది, దాన్నీ సరిచేశాను. వచ్చిన ఉత్తరం స్పామ్‌లో పడుతుంది గనక వారానికోసారి అదీ తిరగెయ్యమన్నాను.

కాలేజీవారిచ్చిన మెయిల్‌ని కూడా ఫోనులో చేరుద్దామంటే, 'పాప్' కావాలా 'ఐమాప్' కావాలా అని అడిగింది. కుర్రాడు నా మొహం చూశాడు. పాప్ అంటే పోస్టాఫీసు నుంచి ఉత్తరాలు ఇంటికి తెచ్చుకోవటం. అక్కడ నకలు ఉంచమని చెప్పకపోతే, ఇల్లు కాలితే ఉత్తరాలూ పోతాయి. ఐమాప్ అంటే ఉత్తరం పోస్టాఫీసులోనే ఉంటుంది, మనం కిటికీలోంచి చదువుకుంటాం. ఫోను మళ్ళీ పగిలినా భయం లేదు. ఐమాపే పెట్టాం. ద్వారం నంబరు 993. యూజర్ పేరు దగ్గర పేరొక్కటే కొడితే ఒప్పుకోలేదు, 'ఎట్' గుర్తుతో సహా పూర్తి చిరునామా కొట్టాల్సి వచ్చింది.

ఈ మీటలన్నీ అతని వేలితోనే నొక్కించాను. నేను నొక్కితే పావుగంట పని, అతను నొక్కితే గంటన్నర పట్టింది. టీ చల్లారిపోయింది.

పడుకునే ముందు చూద్దును గదా, కొత్త పాస్‌వర్డుని ట్రంకుపెట్టె మూత లోపల బాల్‌పెన్నుతో రాసుకుంటున్నాడు.

"తాళమన్నా వేస్తావా?" అన్నాను.

"వేస్తానన్నా. రెండో చెవి మా అమ్మ దగ్గరుంది."