ఎక్స్‌రే కవరు తెరవకముందు

మోకాళ్ల నొప్పులని మా ఓపీకి వచ్చే పెద్దవాళ్లు చాలామంది ఎక్స్‌రే కవరు చేతిలో పెట్టుకునే వస్తారు. "గుజ్జు అరిగిందన్నరు సారు" అని రోగం పేరు కూడా వాళ్లే చెప్పేస్తారు. కవరు టేబుల్ మీద ఉంచి, ముందు గుమ్మం దాకా నడిచి రమ్మంటాను.

అరవై దాటాక ఫిల్ములో ఎంతో కొంత అరుగుదల మామూలే. 1957లో కెల్‌గ్రెన్, లారెన్స్ దానికి సున్నా నుంచి నాలుగు దాకా గ్రేడులు పెట్టారు. నాలుగో గ్రేడు కాళ్లతో ఎనుమాముల మార్కెట్‌లో రోజంతా మిర్చి ఏరేవాళ్లున్నారు, ఒకటో గ్రేడుకే మెట్లెక్కలేనివాళ్లూ ఉన్నారు. పైగా పడుకోబెట్టి తీసిన ఫిల్మైతే కీలు సందు ఎంత తగ్గిందో సరిగా తెలియదు. నిలబెట్టి తీయాలి.

పరకాల వైపు నుంచి వచ్చిన ఒక పెద్దాయన కుడి మోకాలికి మాత్రలు, తైలాలు, ఇంజెక్షన్లు అన్నీ అయ్యాయి. నడుస్తుంటే ఒళ్లు కుడికి ఒరుగుతోంది. మోకాలు నొక్కాను, వంచాను, చాపాను. వాపు లేదు, వేడి లేదు, ఆయన మొహంలో మార్పు లేదు. వెల్లకిలా పడుకోబెట్టి, తొడ పైకి మడిచి, పాదం బయటికి తిప్పబోయాను. తుంటి కదల్లేదు. "గదే సారు, గదే నొప్పి!" అంటూ మోకాలు పట్టుకున్నారు. తుంటికీ మోకాలికీ కొన్ని నరాలు ఉమ్మడి, అందుకే పైన చెడితే కింద నొప్పి. "మోకాలు నొస్తుంటే తుంటికి ఫోటో ఎందుకు సారు?" అని కొడుక్కి అనుమానం. ఫిల్ము వచ్చాక అడగలేదు. తుంటి కీలు సందు దాదాపు మూసుకుపోయి ఉంది.

కొత్తవాడలో దర్రీలు నేసే ఇంటి పెద్దమ్మ ఒక్క వేలితో చోటు చూపించింది. కీలుకు మూడు వేళ్ల కింద, లోపలివైపు. అక్కడ తాళ్లలాంటి స్నాయువుల కింద ఉండే చిన్న నీటితిత్తి వాచింది. ఆమెకు ఎంఆర్‌ఐ రాసిచ్చారెవరో. ఆ వయసులో నొప్పి లేనివాళ్లకు తీసినా కీలు మధ్య మెత్తలా ఉండే మెనిస్కస్‌లో చిరుగు కనిపించవచ్చు, దాన్ని చూసి ఆపరేషన్ మాట ఎత్తితే ఇంటిల్లిపాదికీ నిద్ర ఉండదు.

పొద్దున లేచాక బిగుతు అరగంటలోపు సడలితే అరుగుదల అనుకుంటాను. గంట దాటినా వదలక, చేతి కణుపులూ వాస్తే రక్తపరీక్షలు రాస్తాను. ఒక్క మోకాలే ఉన్నట్టుండి ఎర్రబడి, కాలిపోతూ, జ్వరం కూడా వస్తే పసరు కట్లతో రోజులు గడపకూడదు. చీము చేరిందో, గౌట్ స్ఫటికాలో సూదితో నీరు తీసి ఆ రోజే చూడాలి.