ప్రధానపుటుంగరంలోకి వజ్రం వచ్చిన దారి

అమెరికాలో స్థిరపడిన తెలుగు కుటుంబాల్లో పెళ్లి మాట ఖాయమయ్యే సందర్భంలో ఇప్పుడు తరచుగా రెండు వేడుకలు జరుగుతున్నాయి. ఒకటి పెద్దలు తాంబూలాలు మార్చుకొని లగ్నపత్రిక రాయించే నిశ్చితార్థం కాగా, రెండవది అంతకుముందే అబ్బాయి మోకాలిపై కూర్చొని అమ్మాయికి వజ్రపుటుంగరం చూపే ‘ప్రపోజల్’. ఈ రెండవది ఆ దేశంలో అనాదిగా ఉన్న ఆచారమని, అందుచేత దాన్ని తప్పించరాదని చాలామంది భావిస్తారు. అయితే అందులో వజ్రం తప్పనిసరి కావడం నూరేళ్లు కూడా నిండని వ్యవహారం.

పెళ్లి నిశ్చయానికి గుర్తుగా ఉంగరం తొడగడం పాత పద్ధతే. తెలుగులో ప్రధానపుటుంగరం అన్న మాట ఉన్నట్లే రోమన్లకూ అటువంటి ఉంగరం ఉండేది. 1477లో ఆస్ట్రియా రాకుమారుడు మాక్సిమిలియన్ బర్గండీ రాకుమారి మేరీకి వజ్రాల ఉంగరం ఇచ్చాడని చరిత్రకారులు తరచుగా ఉదాహరిస్తారు. అప్పటి నుంచి 18వ శతాబ్దం తొలినాళ్ల వరకు ఐరోపా రాజవంశాలకు వజ్రాలు ప్రధానంగా భారతదేశం నుంచే వెళ్లేవి. వాటిని గోల్కొండ వజ్రాలని పిలిచినా, గోల్కొండ వాటి విపణి మాత్రమే. పేరుమోసిన గనులు కృష్ణ ఒడ్డున కొల్లూరు, పరిటాల ప్రాంతాల్లో ఉండేవి. 17వ శతాబ్దంలో వచ్చిన ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే కొల్లూరులో దాదాపు 60 వేల మంది పనిచేసేవారని రాశాడు. అంత శ్రమకు దొరికే రాయి రాజులకు, శ్రీమంతులకు తప్ప సామాన్యుల వేలికి అందేది కాదు.

1867లో దక్షిణాఫ్రికాలో వజ్రం బయటపడి, కొద్ది ఏళ్లలోనే కింబర్లీ గనులు తెరుచుకోవడంతో ఈ కొరత తీరిపోయింది. రాశులుగా వచ్చే రాయికి ధర నిలవదు గనుక, వ్యాపారి సెసిల్ రోడ్స్ 1888లో డి బీర్స్ సంస్థను నెలకొల్పి, గనులను ఒక్క చేతి కిందికి తెచ్చి, బజారుకు వెళ్లే సరుకును అదుపులో పెట్టాడు. అంతకు రెండేళ్ల ముందే అమెరికాలోని టిఫనీ అనే నగల సంస్థ ఉంగరంలో రాయిని పట్టి ఉంచే కొత్త బిగింపు ఒకటి తెచ్చింది. తెలుగువారి పాతకాలపు రవ్వల దుద్దుల్లో రాయి వెనుక భాగాన్ని బంగారంతో మూసి కట్టేవారు. టిఫనీ ఉంగరంలో సన్నని ఆరు లోహపు గోళ్లు ఒకే రాయిని ఉంగరపు చుట్టు మీదికి ఎత్తి పట్టుకోవడం వల్ల వెలుతురు కింది నుంచి కూడా చేరి రాయి మరింత మెరిసింది.

సరఫరాను అదుపు చేసినంత మాత్రాన కొనేవారు పుట్టరని 1930ల ఆర్థిక మాంద్యం తేల్చింది. 1938లో డి బీర్స్ అమెరికాలోని ఎన్.డబ్ల్యు. అయర్ అనే ప్రకటనల సంస్థను ఆశ్రయించింది. ఆ సంస్థ దుకాణం పేరునో సరుకు ధరనో చాటలేదు; సినిమా తారల వేళ్ల మీది ఉంగరాలను పత్రికల్లో చూపించి, ప్రేమకూ వజ్రానికీ ముడి వేసింది. 1947లో ఫ్రాన్సెస్ గెరెటీ అనే ఉద్యోగిని వజ్రం శాశ్వతమనే అర్థం వచ్చే వాక్యం రాసింది. శాశ్వతమైనదాన్ని ఎవరూ తిరిగి అమ్మరు. అమ్మకపోతే పాత రాళ్లు బజారుకొచ్చి కొత్తవాటి ధరను తగ్గించవు. ఆ వాక్యంలోని వ్యాపార రహస్యం అదే. జపాన్‌లో 1967లో నూటికి ఐదుగురు వధువులకైనా లేని వజ్రపుటుంగరం, ఇదే తరహా ప్రచారంతో 1981 నాటికి నూటికి సుమారు 60 మంది వేలికి చేరింది.

అమెరికాలో వజ్రపుటుంగరం ఇలా పాతుకుపోవడానికి న్యాయశాస్త్ర ఆచార్యురాలు మార్గరెట్ బ్రినిగ్ మరో కారణం కూడా చూపారు. పెళ్లి చేసుకుంటానని మాట ఇచ్చి తప్పినవాడి మీద స్త్రీ దావా వేసే హక్కును అమెరికా రాష్ట్రాలు 1935 నుంచి ఒక్కొక్కటిగా రద్దు చేయసాగాయి. చట్టం ఇచ్చే రక్షణ పోయినచోట ఖరీదైన ఉంగరం ఒక రకమైన పూచీగా నిలిచిందని ఆమె వాదన.

బంగారం విషయంలో తెలుగు ఇల్లాలి లెక్క, కొన్నదాన్ని తిరిగి అమ్మకూడదన్న ఈ వజ్రపు తర్కానికి పూర్తిగా ఎదురు. బంగారం ఆపదలో తాకట్టుకు పనికివస్తుందని, ఆ రోజు ధరకు తూకం వేసి అమ్ముకోవచ్చని కొంటారు. వజ్రానికి అటువంటి ఏకధర లేదు. కొన్న మరునాడు అమ్మబోయినా సాధారణంగా పెట్టిన సొమ్ము తిరిగి రాదు. పైగా వజ్రం అచ్చిరావాలని, దోషమున్న రాయి ఇంటికి పనికిరాదని పెద్దలు జంకేవారు. ఇప్పుడు ప్రయోగశాలలో తయారైన వజ్రాలు గని వజ్రాల కంటే ఎంతో చవకగా దొరకడంతో, అరుదైనది గనుక విలువైనదన్న వాదన కూడా సడలిపోతోంది.

ఉంగరం ముచ్చట తప్పేమీ కాదు, తాహతు ఉన్నవారు కొనుక్కోవచ్చు. కాని క్రెడిట్ కార్డు మీద అప్పు చేసి ఉంగరం కొనబోయే ప్రవాస యువకుడు, రెండు నెలల జీతం పెట్టాలన్న నియమాన్ని ఏ పురోహితుడూ చెప్పలేదని, అది 1980ల నాటి డి బీర్స్ ప్రకటనలు నేర్పిన లెక్క అని తెలుసుకొని దుకాణం మెట్లెక్కడం మంచిది.