తాతయ్య పీఠం కోసం గోవా దాకా

గోవా వెళ్లొచ్చామంటే ఎవరైనా ముందడిగేది 'ఏ బీచ్‌కి వెళ్లారు?' అనే. మేమూ వెళ్లాం. కలంగూట్‌లో పిల్లలు ఒళ్లంతా ఇసక పూసుకున్నారు. మా ఆవిడ చీర కుచ్చిళ్లు తడుపుకుంది. కానీ నేను ఈ ప్రయాణం పెట్టుకున్నది సముద్రం కోసం కాదు. ఒక చెక్క పీఠం కోసం.

మా తాతయ్య వడ్రంగి. కృష్ణా జిల్లాలోని మా ఊళ్లో రాములవారి గుడి తలుపులు ఆయన చేసినవే. ఆర్‌సీఎం చర్చిలో బల్లలూ ఆయన చేసినవే. ఓసారి ఫాదర్‌గారు గోవా చర్చి బొమ్మ ఉన్న పోస్టుకార్డు చేతిలో పెట్టి, 'ఇలాంటి ప్రసంగపీఠం కావాలి ఆచారీ' అన్నారట. తాతయ్య జన్మలో గోవా చూసినవాడు కాదు. ఆ కార్డే ఎదురుగా పెట్టుకుని నాలుగు నెలలు కష్టపడి టేకుతో పీఠం చేసిచ్చాడు. ఇప్పుడా చర్చిని పెద్దది చేస్తున్నారు. పీఠం షెడ్డులోకి చేరింది. 'చెదపట్టిందిరా. కలప కింద అమ్మేద్దామంటున్నారు. నువ్వేమంటావ్?' అని బాబాయి ఫోన్ చేశాడు. ఏం చెప్పాలో తోచలేదు. ముందు అసలుదాన్ని చూసొద్దామనిపించింది.

పణజి నుంచి ఓల్డ్ గోవా పది కిలోమీటర్లు. 1510లో పోర్చుగీసులు గెలుచుకుని రాజధాని చేసుకున్న నగరం ఇది. తర్వాత అంటురోగాలకు జనం ఖాళీ చేసి వెళ్లిపోయారు. ఇళ్లూ వీధులూ పోయి చర్చిలు మిగిలాయి. 1986లో యునెస్కో వీటిని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

బామ్ జీసస్ బసిలికాకి వచ్చేవాళ్లలో నూటికి తొంభైమంది సెయింట్ ఫ్రాన్సిస్ జేవియర్ భౌతికకాయం ఉన్న పేటిక వైపే నడుస్తారు. 1594లో మొదలుపెట్టి 1605లో ప్రతిష్ఠించిన చర్చి ఇది. నేను మాత్రం నడిమధ్యలో ఆగిపోయాను. గోడకు ఆనుకుని, మనిషి ఎత్తుకు పైన, గొడుగులాంటి కప్పుతో ప్రసంగపీఠం! చుట్టూ క్రీస్తు, నాలుగు సువార్తలు రాసిన నలుగురు, చర్చి పండితులుగా చెప్పే మరో నలుగురు. అడుగున ఏడు బొమ్మలు ఆ బరువంతా తామే మోస్తున్నట్టు ఉంటాయి. మా ఊరి పీఠం కిందా ఏడు బొమ్మలున్నాయి. ఏడే ఎందుకు చెక్కాడో నాకు ఇప్పుడర్థమైంది.

పైనున్న కప్పు అందం కోసమే కాదు. మైకుల్లేని కాలంలో ఫాదర్ గొంతు పైకి పోకుండా కిందున్న జనం మీదికి మళ్లించేది అదే. పీఠాన్ని బలిపీఠం దగ్గర కాకుండా మధ్యలో పెట్టడమూ అందుకే. చివరి వరసకీ మాట వినపడాలి కదా!

ఈ చెక్కడాలు ఎవరివి? ఇక్కడే అసలు కథ ఉంది. క్రైస్తవులు తమ బొమ్మల్నీ పూజా పాత్రల్నీ హిందూ పనివాళ్లతో చేయించకూడదని 1567లో గోవాలో జరిగిన మత మహాసభ తీర్మానించింది. తర్వాత కూడా ఇలాంటి ఆంక్షలు వచ్చాయి. ఒక్కసారి చెబితే ఆగిపోయే పనైతే మళ్లీమళ్లీ చెప్పాల్సిన అవసరమేముంది? చెయ్యి తిరిగిన పనివాళ్లు ఇక్కడివాళ్లే మరి. గోవాలో కొన్ని పాత పీఠాల అడుగున నడుము దాకా మనిషి, కింద పాము ఆకారంలో ఉన్న బొమ్మలు కనిపిస్తాయి. అవి మన నాగకన్యలని కొందరు పండితులంటారు. యూరప్ మత్స్యకన్యలని మరికొందరంటారు. చెక్కినవాడు మాత్రం పేరు రాసుకోలేదు.

సే కెథెడ్రల్‌లో బలిపీఠం వెనక బంగారు గోడ చూస్తే కళ్లు చెదురుతాయి. అదీ చెక్కే. ముందు చెక్కడం, దానిమీద జిగురు కలిపిన సుద్దపూత, ఆపైన నున్నటి ఎర్రమట్టి పూత, చివర్లో ఊదితే ఎగిరిపోయేంత పల్చటి బంగారు రేకు. దాన్ని నున్నని అగేట్ రాయితో రుద్దితే మెరుపొస్తుంది. రేకు అరిగినచోట ఎర్రమట్టి తొంగిచూస్తోంది.

మర్నాడు దక్షిణ గోవాలో ఓ పల్లె. చర్చి సామాను చేసే వర్క్‌షాపు ఉందని హోటల్ కుర్రాడు చెబితే వెళ్లాం. ఇక్కడి వడ్రంగుల్లో చాలామంది ఇంటిపేరు చారి. మనవైపు ఆచారి, చారి అన్నట్టే! అరవై దాటిన మేస్త్రి నుదుట బొట్టుతో కూర్చుని మేరీమాత పీఠానికి లతలు చెక్కుతున్నాడు. నాకొచ్చిన హిందీలో తాతయ్య సంగతి చెప్పాను. స్టూలు లాగి కూర్చోమన్నాడు.

'చర్చి సామాను కొలత తీసుకోకుండా చెయ్యలేం' అన్నాడు. బల్ల ఎత్తు, మోకరించే పలక ఎత్తు, రెండు బల్లల మధ్య ఖాళీ అన్నీ ఆ చర్చిని బట్టే. ముసలివాళ్లు మోకరించి, లేచేటప్పుడు పట్టుకోవడానికి ముందు బల్ల అంచు చేతికి గుండ్రంగా తగలాలి. బలిపీఠాన్ని ముందు అట్టముక్కలతో అదే సైజులో కట్టి చర్చిలో నిలబెట్టి చూస్తాడు. గోవా వానలకి చెక్క ఉబ్బుతుంది. అందుకే పెద్ద పలకల్ని జిగురుతో బిగించకుండా చట్రం గాడిలో వదులుగా దిగేస్తాడు. ఊపిరాడితే పగలదట. టేకు, పనస ఎక్కువ వాడతారు. పనస కొత్తలో పసుపుగా ఉండి, ఏళ్లు గడిచేకొద్దీ తేనెరంగుకు తిరుగుతుంది.

మరి పీఠాలు? 'ఇప్పుడెవరూ చేయించుకోరు' అన్నాడు. 1962 నుంచి 1965 దాకా జరిగిన రెండో వాటికన్ మహాసభ తర్వాత పూజ తీరు మారింది. ఫాదర్ జనంవైపు తిరిగి పూజ చేయడం మామూలైంది. మైకులూ వచ్చాయి. ఎత్తు పీఠాలకు పనిపోయి, చదివే స్టాండ్లకు గిరాకీ పెరిగింది. అవి కూడా రెడీమేడ్‌గా దొరుకుతున్నాయి. ఆయన కొడుకు వాస్కోలో ఉద్యోగం చేస్తున్నాడు. 'ఈ ఉలులు నా తర్వాత ఎవరికివ్వాలో తెలీదు' అన్నాడు. ఆ మాట మా తాతయ్య నోటా విన్నాను. అప్పుడు ఉలులు తీసుకోనిది మా నాన్న. తర్వాత నేను.

సెల్‌ఫోన్లో మా పీఠం ఫొటోలు చూపించాను. వేళ్లతో పెద్దవి చేసి చాలాసేపు చూశాడు. 'సుత్తి పిడితో కింది నుంచి కొట్టుకుంటూ రమ్మనండి. డొల్ల మోత వచ్చినంతవరకే చెద. గట్టి మోత వచ్చినచోట కోసి, కాళ్లు కొత్తవి వేసి రాతిదిమ్మ మీద పెట్టండి. ఎత్తు తగ్గితే మంచిదే. బైబిలు చదివే స్టాండవుతుంది' అన్నాడు. ఫీజు ఇవ్వబోతే తీసుకోలేదు. పిల్లల చేతికి చెరో పనసచెక్క ముక్క ఇచ్చాడు, వాసన చూడమని.

బయటికొచ్చి బాబాయికి ఫోన్ చేశాను. కొట్టి చూశాడట. అడుగున మూడడుగులు పోయింది, బొమ్మల్లో రెండు మిగిలాయి, పైనంతా గట్టిగానే ఉంది. కమిటీవాళ్లతో, ఫాదర్‌గారితో మాట్లాడాడు. 'బాగుచేయిస్తామంటే అభ్యంతరం లేదన్నారు. ఖర్చు మనదే. ఏమంటావ్?' అన్నాడు.

'సరే బాబాయ్. ఫాదర్‌గారి ఎత్తెంతో కొలిచి చెప్పు' అన్నాను.

ఎలా వెళ్లాలి: సికింద్రాబాద్ నుంచి వాస్కోడగామాకు రైలుంది. కొంకణ్ రైలు మార్గంలో ఓల్డ్ గోవాకు దగ్గరి స్టేషన్ కర్మలి. పణజి నుంచి బస్సులున్నాయి. భుజాలు, మోకాళ్లు కప్పే దుస్తులు వేసుకోవాలి. బామ్ జీసస్, సే కెథెడ్రల్ చూశాక సెయింట్ కాజెటాన్ చర్చికీ వెళ్లండి. అక్కడా చెక్కిన ప్రసంగపీఠం ఉంది. సెయింట్ మోనికా కాన్వెంట్‌లోని క్రైస్తవ కళల మ్యూజియానికి గంట కేటాయించుకోండి.