గన్నవరం నుంచి శంషాబాద్‌కి నోటిలెక్కతో

ఈసారి పోస్టు ధాన్యం రేటు గురించి కాదు, విమానం గురించి. నవ్వుకునేవాళ్లు నవ్వుకోండి.

మా మేనల్లుడు ఉద్యోగానికి వెళ్తూ పాత ల్యాప్‌టాప్ నాకిచ్చి పోయాడు. అందులో ఫ్లైట్‌గేర్ అని ఒక ప్రోగ్రాం ఉంది. ఉచితమే. కుర్చీలో కూర్చునే విమానం నడపొచ్చు. రాత్రిపూట మోటారు కరెంటు కోసం మేలుకుని ఉండాలి కదా, ఆ ఖాళీలో అలవాటైంది.

నాకు మబ్బుల్లో నడపడమే ఇష్టం. బయట ఏమీ కనపడదు. ముళ్లు చూసుకుంటూ, లెక్క కట్టుకుంటూ దిగాలి. "నోటిలెక్కే కట్టాలి మావయ్యా, నువ్వు క్యాలిక్యులేటర్ నొక్కేలోపు రెండు మైళ్లు పోద్ది" అన్నాడు మావాడు. నిజమే. 120 నాట్ల వేగం (వరినాట్లు కాదు!) అంటే గంటకు 120 నాటికల్ మైళ్లు, నిమిషానికి 2.

గన్నవరం నుంచి శంషాబాద్‌కి గాలిదారిన సుమారు 140 మైళ్లు. అంటే 70 నిమిషాలు. నా చిన్న సెస్నా గంటకు 9 గ్యాలన్లు తాగుద్దనుకుంటే పదిన్నర గ్యాలన్లు. కానీ వానాకాలం పడమటి గాలి ఎదురు కొడుద్ది. గాలి 30 ఉంటే మనకు మిగిలేది 90, నిమిషానికి మైలున్నర. అప్పుడు 93 నిమిషాలు, 14 గ్యాలన్లు. పైన ముప్పావుగంటకు సరిపడా మిగులు పెట్టుకోవాలి.

దిగే లెక్క ఇంకా తేలిక. ఎన్ని వేల అడుగులు దిగాలో దాన్ని మూడుతో గుణిస్తే, అన్ని మైళ్ల ముందు దిగడం మొదలుపెట్టాలి. వేగంలో సగానికి పక్కన సున్నా పెడితే నిమిషానికి దిగాల్సిన అడుగులు. 120కి 600, ఎదురుగాలిలో 90కి 450.

మొదటిసారి 8,000 అడుగుల్లో వెళ్లా. ఎనిమిది మూళ్లు ఇరవై నాలుగు. 24 మైళ్ల ముందే దించడం మొదలెట్టా. ముల్లు 2,000 దగ్గరికొచ్చిందో లేదో, ధడేల్! రన్‌వే ఇంకా ఆరు మైళ్లుంది.

ఫోన్ చేస్తే వాడు ఒకటే నవ్వు. "శంషాబాద్ నేలే 2,000 అడుగుల ఎత్తులో ఉంది మావయ్యా. నువ్వు దిగాల్సింది 6,000, పద్దెనిమిది మైళ్లే." ఏ చోట ఎంతకన్నా కిందికి రాకూడదో చార్టులో రాసే ఉంటదట. నేను చూస్తేగా. గన్నవరం సముద్రమట్టానికి వంద అడుగులు కూడా లేదు. అక్కడే దిగీ దిగీ, నేలంటే సున్నా అని బుర్రలో పడిపోయింది. గుణకారం కరెక్టే, మొదట తీసుకున్న అంకే తప్పు.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. పోయినేడు కాలవ పక్క మడిలో కలుపుమందు కొట్టించాక వరి పసుపెక్కిపోయింది, గుర్తుందా? మందు నకిలీదని కొట్టుకెళ్లి పదిమందిలో గొడవ చేశా. లీటర్లు, ట్యాంకులు, అన్నీ సరిగ్గానే చెప్పా ఆయనకి. ఎకరానికి లెక్క. కానీ ఆ మడి ఇప్పుడు ఎకరం కాదు. గట్టు వెడల్పు చేసినప్పుడు 30 సెంట్లు పోయింది. మా నాన్న నాటి నుంచీ దాన్ని 'ఎకరం మడి' అనే పిలుస్తాం కదా, అదే నోట్లో ఉండిపోయింది. 70 సెంట్ల మీద ఎకరం మందు గుమ్మరించా.

నిన్న కొట్టుకెళ్లి ఆయనకి ఈ సంగతి చెప్పా. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత రెండు టీలు తెప్పించి, "ఆ విమానం ఎక్కడ పడిందన్నావు, మళ్లీ చెప్పు" అన్నాడు.