చివరి బెంచీ కనికట్టు

మా మేనల్లుడు తొమ్మిదో తరగతి చదువుతున్నాడు. కొన్నాళ్ళుగా వాడి చేతిలో ఎప్పుడు చూసినా ఒక పది రూపాయల బిళ్ళ ఉంటోంది. అన్నం తింటున్నా, టీవీ చూస్తున్నా ఎడమ చేతిలో అది తిరుగుతూనే ఉంటుంది. కుడిచేత్తో తీసుకున్నట్టు చూపిస్తాడు, గుప్పిట విప్పితే ఏమీ ఉండదు. మొన్న సెలవులకు వచ్చినప్పుడు, "క్లాసులో కూడా ప్రాక్టీస్ చేస్తున్నా మామయ్యా. బెంచీ కింద ఎవరికీ కనపడదు. చెవులు సారు చెప్పేదాని మీదే ఉంటాయి. చేతులు ఊరికే ఉన్నాయి కదా, తప్పేముంది?" అన్నాడు.

వాడి చేతిలో ఉన్నది ఫోను అయితే జవాబు కోసం వెతుక్కోనక్కర్లేదు. కానీ అది ఒక విద్య. వాత్స్యాయనుడు చెప్పిన అరవై నాలుగు కళల్లో ఇంద్రజాలం ఉంది, హస్తలాఘవం కూడా ఉంది. ఒక పిల్లవాడు తనంతట తాను ఒక కళ మీద మనసు పడి, ఎవరూ చెప్పకుండానే పొద్దస్తమానం సాధన చేస్తుంటే, "ముందు అది అవతల పారెయ్" అనడానికి నాకు నోరు రాలేదు. అందుకే వాడి ప్రశ్నకు నిజాయితీగా జవాబు చెప్పాలనిపించింది.

ముందు ఆ విద్య ఎంత కష్టమైనదో చూడాలి. అరచేతిలో బొటనవేలి మొదట్లో ఎత్తుగా ఒక కండ ఉంటుంది. దానికి ఎదురుగా చిటికెనవేలి వైపు ఇంకొకటి. ఈ రెండింటి నడుమ బిళ్ళ అంచు పట్టి ఉంచాలి. దీన్ని పామింగ్ అంటారు. పది రూపాయల బిళ్ళ వెడల్పు 27 మిల్లీమీటర్లు. పెద్దవాళ్ళ చేతికి అది చక్కగా కుదురుతుంది, పిల్లల చేతికి కొంచెం పెద్దది. గట్టిగా నొక్కితే బొటనవేలు లోపలికి ముడుచుకుపోయి చెయ్యి బిగుసుకుంటుంది, చూసేవాళ్ళు పసిగట్టేస్తారు. వదులుగా పడితే బిళ్ళ జారి నేలమీద ఖంగుమంటుంది. బిళ్ళను పట్టుకుని ఉండి కూడా ఆ చెయ్యి ఖాళీగా ఉన్నట్టే కదలాలి. ఆ చేత్తో పెన్ను తియ్యాలి, తల దువ్వుకోవాలి, నమస్కారం పెట్టాలి. అభ్యాసం కూసువిద్య అన్న మన పెద్దల మాట ఇక్కడ అక్షరాలా నిజం.

మావాడి వాదనకు బలం లేకపోలేదు. జాకీ ఆండ్రేడ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 2009లో ఒక ప్రయోగం ఫలితాలు ప్రకటించారు. నలభై మందికి విసుగు పుట్టించే ఫోను సందేశం ఒకటి వినిపించారు. అందులో సగం మందిని వింటూ వింటూ కాగితం మీది బొమ్మల్లో పెన్సిలుతో రంగు నింపమన్నారు. వాళ్ళు తక్కినవాళ్ళ కంటే 29 శాతం ఎక్కువ గుర్తుపెట్టుకున్నారు. చేతికి పని ఉంటే మనసు పగటికలల్లోకి జారదన్నమాట. ఇక ఇంద్రజాలికుల్లో పెద్దపేరున్న ఫ్రెంచివాడు రాబర్ట్ హూడిన్ ఉన్నాడు. 1805లో పుట్టిన ఈయన అసలు వృత్తి గడియారాల పని. చేతులు జేబుల్లో పెట్టుకుని, దారిన నడుస్తూ కూడా బిళ్ళలతో, పేకముక్కలతో సాధన చేసేవాడినని ఆత్మకథలో రాసుకున్నాడు. నాలుగు బంతులు గాలిలో ఎగరేస్తూనే ఎదురుగా పెట్టుకున్న పుస్తకం చదవడం నేర్చుకున్నాడట. రెండు పనులు ఒకేసారి సాధ్యమేననడానికి ఇంతకంటే ఏం కావాలి అని మావాడు అడగవచ్చు.

కానీ ఈ రెండు ఉదాహరణలూ జాగ్రత్తగా చూస్తే వాడి వైపు నిలవవు. బొమ్మల్లో రంగు నింపడానికి ఆలోచన అక్కర్లేదు, అందుకే చెవి పని చెవి చేసింది. హూడిన్ బంతులు ఎగరేస్తూ చదవగలిగాడంటే, అప్పటికే ఆ పని చేతికి పూర్తిగా పట్టుబడిపోయింది. పుస్తకం తర్వాత వచ్చింది, ముందు వచ్చింది బంతుల మీద పెట్టిన ఏకాగ్రత. కొత్త ట్రిక్కు నేర్చుకునేటప్పుడు మొదటి రోజుల్లో మనసంతా వేళ్ళ దగ్గరే ఉంటుంది. బిళ్ళ ఎక్కడ తగులుతోంది, ఏ వేలు ముందు కదలాలి అన్న ధ్యాస తప్ప ఇంకోటి ఉండదు. అలాంటప్పుడు సారు చెప్పే త్రికోణమితి చెవిన పడుతుంది గానీ బుర్రకెక్కదు. పట్టుబడిపోయాక మనసు అక్కర్లేదు, నిజమే. అయితే మనసు పెట్టకుండా చేసిందే చేస్తూ పోతే విద్య అక్కడే ఆగిపోతుంది, అందులో ఉన్న తప్పులు కూడా చేతికి అలవాటైపోతాయి. కాబట్టి క్లాసులో చేసే సాధన వల్ల పాఠమైనా పోతుంది, సాధనైనా చెడుతుంది. చాలాసార్లు రెండూ పోతాయి. రెండు పడవల మీద కాళ్ళు అంటే ఇదే.

ఇంకో సంగతి ఉంది. ఈ కళలో వేళ్ళది సగం పాత్రే. మావాడు చేసే ట్రిక్కునే చూడండి. ఎడమచేతి వేళ్ళ కొసల్లో బిళ్ళ పట్టుకుంటాడు. కుడిచెయ్యి వచ్చి దాన్ని అందుకున్నట్టు ముసుగేస్తుంది. ఆ క్షణంలో బిళ్ళ ఎడమ అరచేతిలోకి జారిపోతుంది. ఖాళీ కుడిచెయ్యి గుప్పిట బిగించి పక్కకు వెళ్తుంది. ఇక్కడిదాకా నేర్చుకోవడానికి పెద్ద సమయం పట్టదు. ఇప్పుడు వాడి కళ్ళు ఎటు వెళ్తాయన్నదే అసలు విద్య. కుడి గుప్పిట వెంట కళ్ళు వెళ్తే చూసేవాళ్ళ కళ్ళూ అటే వెళ్తాయి. ఒక్క క్షణం ఎడమచేతి వైపు చూపు తడబడితే ఆట అక్కడితో ముగిసినట్టే. బిళ్ళ నిజంగా కుడిచేతిలోకి వెళ్ళిందని ముందు తనే నమ్మాలి, ఆ నమ్మకం భుజంలో, మెడలో, మాటలో కనపడాలి. ఇది అద్దం ముందు కూర్చుని నేర్చుకోవాలి. చెల్లెలి ముందో, అమ్మమ్మ ముందో చేసి చూపించి, దొరికిపోయి, మళ్ళీ దిద్దుకోవాలి. బెంచీ కింద చీకట్లో, సారు ఎక్కడ చూస్తారోనన్న భయంతో చేస్తే చెయ్యి దొంగచెయ్యిగానే తయారవుతుంది. ఇంద్రజాలికుడికి కావలసింది నిబ్బరం, అక్కడ అలవాటయ్యేది బెదురు.

పక్కన కూర్చున్న పిల్లవాడి మాటేమిటి? బిళ్ళ మాయమవుతుంటే చూడకుండా ఉండగల పద్నాలుగేళ్ళ పిల్లలు ఎవరుంటారు? 2013లో కెనడా పరిశోధకులు ఇలాంటి పరీక్షే చేశారు. క్లాసులో లాప్‌టాప్ ముందు కూర్చుని పాఠంతో పాటు ఇతర పనులు చేసిన విద్యార్థులకు ఆ తర్వాత పరీక్షలో మార్కులు తగ్గాయి. అవతలివాళ్ళ తెరలు కళ్ళపడేలా కూర్చున్నవాళ్ళకు మరీ తగ్గాయి, 17 శాతం దాకా. తాము ఏమీ చేయకుండానే నష్టపోయారు వాళ్ళు. మావాడు తన పాఠం తను పోగొట్టుకుంటే అది వాడి ఇష్టమని ఎవరైనా అనవచ్చు. పక్కవాడి పాఠం పోగొట్టే హక్కు మాత్రం వాడికి లేదు. నలభై, నలభై అయిదు నిమిషాల పీరియడు కోసం ఏ పల్లె నుంచో బస్సెక్కి, నడిచి వచ్చే పిల్లలు మన బడుల్లో ఎందరో ఉన్నారు.

ఇంద్రజాలమే జీవితమనుకున్న ఒకాయన కథ మావాడికి చెప్పాను. పెర్సీ డయాకోనిస్ అనే న్యూయార్క్ కుర్రవాడు పద్నాలుగేళ్ళకే బడి మానేసి, డై వెర్నన్ అనే గొప్ప ఇంద్రజాలికుడి వెంట ఊళ్ళు తిరిగాడు. పేకముక్కల లోతు తెలుసుకోవాలని సంభావ్యత మీద ఫెల్లర్ రాసిన పుస్తకం కొన్నాడు. తెరిస్తే ఒక్క ముక్క అర్థం కాలేదు, కలనగణితం రాదు మరి. అప్పుడు రాత్రి కాలేజీలో చేరి లెక్కలు నేర్చుకున్నాడు. పేక కట్టను బాగా కలిసేలా చేయాలంటే ఏడుసార్లు కలపాలని 1992లో డేవ్ బేయర్‌తో కలిసి గణితంతో నిరూపించింది ఈయనే. స్టాన్‌ఫోర్డ్‌లో ఆచార్యుడయ్యాడు. మన హైదరాబాదులో బి.వి. పట్టాభిరామ్ గారు కూడా ఇంద్రజాలం చేస్తూనే హిప్నాటిజం వైపు, మనస్తత్వశాస్త్రం వైపు వెళ్ళారు. పాఠం తెలిస్తే కనికట్టు ఇంకా లోతుకు వెళ్తుంది. మావాడు ఏ పాఠం వినకుండా బిళ్ళ తిప్పుతున్నాడో, రేపు వాడి ట్రిక్కుకు ఆ పాఠమే కావలసి రావచ్చు.

అలాగని బిళ్ళ లాక్కుని, నలుగురిలో నిలబెట్టి అవమానిస్తే ఆ తప్పు బడిదవుతుంది. ఈ విద్యను బెంచీ కింద నుంచి బల్ల మీదకు తీసుకురావాలి. లెక్కల సారు ఒక్కరోజు దీన్ని వాడి చూస్తే తెలుస్తుంది. పేకముక్కలతో చేసే ట్రిక్కు ఒకటి ఉంది. పేకముక్కలంటే మన ఇళ్ళల్లో జూదం గుర్తుకొస్తుంది కాబట్టి ఒకటి నుంచి ఇరవై ఒకటి దాకా అంకెలు వేసిన చీటీలు చాలు. వాటిని వరసకు మూడు చొప్పున పేర్చితే ఏడేసి చీటీల నిలువు వరసలు మూడు వస్తాయి. ఒకరిని మనసులో ఒక అంకె అనుకుని, అది ఏ నిలువు వరసలో ఉందో మాత్రం చెప్పమనాలి. ఆ వరస మధ్యలోకి వచ్చేలా చీటీలు పోగుచేసి మళ్ళీ పేర్చాలి. ఇలా మూడుసార్లు చేస్తే అనుకున్న చీటీ పై నుంచి పదకొండోది అవుతుంది. మొదటి జవాబుతో అది ఏడింటిలో ఒకటవుతుంది, రెండోదానితో రెండు మూడింటిలో ఒకటి, మూడోదానితో అదే తేలిపోతుంది. ఎందుకిలా అని పిల్లలే బల్ల చుట్టూ మూగి లెక్క కడతారు.

మన సమాజానికి ఈ విద్యతో ఇంకా పెద్ద అవసరం ఉంది. 1584లో ఇంగ్లండులో రెజినాల్డ్ స్కాట్ అనే ఆయన బిళ్ళలు, బంతులతో చేసే కిటుకులు విప్పి ఒక పుస్తకం రాశాడు. మంత్రగత్తెలన్న నెపంతో అమాయకులను చంపుతున్న రోజులవి. ఆ కిటుకులు మంత్రాలు కావు, చేతి నేర్పేనని చూపించాడు. మన దగ్గర బాణామతి పేరుతో మనుషులను కొట్టి చంపిన సంఘటనలు తాతల కాలం నాటివేమీ కావు. 1988లో ఏర్పడిన జన విజ్ఞాన వేదిక కార్యకర్తలు ఊళ్ళలో మ్యాజిక్ చేసి చూపించి, వెంటనే గుట్టు చెబుతూ వచ్చారు. ఖాళీ చేతిలోంచి విభూతి రావడం వెనుక ఏముందో హేతువాది బి. ప్రేమానంద్ దేశమంతా తిరిగి చూపించారు. విభూతిని చిన్న ఉండగా చేసి వేళ్ళ సందున దాచి, నలిపి రాల్చడమే. బిళ్ళ పామ్ చేయడం తెలిసిన పిల్లవాడికి ఇది చూడగానే అర్థమవుతుంది. వాణ్ణి రేపు ఏ దొంగబాబా మోసం చేయలేడు. శాస్త్రీయ దృష్టి పెంచుకోవడం పౌరుల విధి అని రాజ్యాంగం 51ఎ అధికరణంలో రాసుకున్నాం. దాన్ని పిల్లలకు వల్లెవేయించే బదులు ఇలా చేయించి చూపించవచ్చు. ఈ విద్య వైద్యానికీ పనికొస్తుంది. లండన్‌లో ఒక పక్క చేయి, కాలు బలహీనమైన పిల్లలకు చికిత్సగా మ్యాజిక్ నేర్పే శిబిరాలు నడుస్తున్నాయి. రెండు చేతులూ వాడక తప్పని ట్రిక్కుల కోసం, వాడని చేతిని ఆ పిల్లలు ఇష్టంగా కదుపుతారు.

2020 నాటి జాతీయ విద్యావిధానం ఆరు నుంచి ఎనిమిది తరగతుల మధ్య ఎప్పుడైనా పిల్లలకు పది రోజులు పుస్తకాల సంచి లేకుండా చేతిపనులు నేర్పమంది. అందులో ఒక్క రోజు ఇంద్రజాలానికి ఇస్తే చాలు. తొమ్మిది, పది తరగతులకు శనివారం ఆఖరి పీరియడు ఇవ్వొచ్చు. ఉపాధ్యాయులకు నా విన్నపం ఇదే. పాఠం మధ్యలో బిళ్ళ కనపడితే జేబులో పెట్టుకోమని నెమ్మదిగా చెప్పండి, శనివారం అందరి ముందూ చేసి చూపించమని పిలవండి. మావాడికీ, వాడిలాంటి పిల్లలందరికీ నేను చెప్పేది ఒక్కటే. నాన్నా, క్లాసులో బిళ్ళ తియ్యొద్దు. ఇంటికొచ్చాక రోజూ అద్దం ముందు అరగంట కూర్చో, మనసంతా దానికే ఇయ్యి. బడిలో ఉన్నంతసేపూ మనసు పాఠానికియ్యి. అలా చేస్తే నీకు రెండు విద్యలూ వస్తాయి.